ముందు నీళ్ళు, ఆ తర్వాతే ఆక్సలాటల్

(నాచారంలో ఓ అపార్ట్‌మెంటు కమ్యూనిటీ హాల్లో, అక్వేరియం పెంచుకునేవాళ్ళు కలుసుకున్న ఆదివారం ఒక హైస్కూల్ సైన్సు టీచర్ చేసిన ప్రసంగం. మాట్లాడింది మాట్లాడినట్టే రాశాం.)

అందరికీ నమస్తే. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. పిల్లల్ని కూడా ముందు కూర్చోబెట్టండి, ఎందుకంటే ఇవాళ ఇక్కడికి పెద్దవాళ్ళను లాక్కొచ్చింది చాలావరకు పిల్లలేనని నాకు తెలుసు. మా ఇంట్లోనూ అంతే. 2021లో మైన్‌క్రాఫ్ట్ గేమ్‌లోకి ఆక్సలాటల్ అనే నీటి జీవి వచ్చింది, మావాడు అప్పుడు ఐదో తరగతి, ఇక ఆ రోజు నుంచి అన్నం ముందు కూర్చున్నా అదే మాట, పడుకోబోయేముందు కూడా అదే మాట. తర్వాతి ఏడాది ఫిబ్రవరిలో, పుట్టినరోజుకి, ఒకటి కొనిచ్చాం. లేత గులాబీ రంగు, తలకి రెండు పక్కలా మూడేసి ఎర్రటి కుచ్చులు. మావాడు దానికి గవ్వ అని పేరు పెట్టాడు.

గవ్వ మా ఇంట్లో మూడు నెలలు బతికింది. మే నెలలో చచ్చిపోయింది. తప్పు నాది, ఎందుకు తప్పో ఇవాళ పూర్తిగా చెప్తాను, ఎందుకంటే ఈ ఊళ్ళో ఆక్సలాటల్‌ని పోగొట్టుకున్న వాళ్ళు నాకు ఫోన్ చేసినప్పుడల్లా దాదాపు అదే కథ వింటున్నాను.

ముందు ఇదేం జీవో రెండు మాటలు. చేప కాదు, బల్లి కాదు. కప్పలాగా ఉభయచరం. అయితే కప్ప పిల్ల తోకా మొప్పలూ పోగొట్టుకుని కప్పయి గట్టెక్కుతుంది, ఇది మాత్రం జీవితాంతం పిల్లరూపంలోనే, మొప్పలతోనే, నీళ్ళలోనే ఉండిపోతుంది, ఆ రూపంలోనే గుడ్లూ పెడుతుంది. దీని సొంతూరు మెక్సికో నగరం దక్షిణ అంచునున్న సోచిమిల్కో చెరువులు, కాలువలు. ఇప్పుడు పిల్లలు బాగా వినాలి. మెక్సికో నగరం భూమధ్యరేఖకి ఉత్తరంగా సుమారు 19 డిగ్రీల మీద ఉంది, మన హైదరాబాద్ 17 డిగ్రీల మీద ఉంది. అంటే మ్యాపులో చూస్తే దాదాపు ఒకే గీత మీద ఉన్నాం. మరి అక్కడ బతికేది ఇక్కడ ఎందుకు బతకదు? ఎత్తు. సోచిమిల్కో సముద్రమట్టానికి సుమారు 2,240 మీటర్ల ఎత్తున ఉంది, మనం 540 మీటర్ల దగ్గర ఉన్నాం. అక్కడి నీళ్ళు ఏడాది పొడుగునా చల్లగా ఉంటాయి. ఈ జీవి ఒళ్ళు ఆ చల్లదనానికి తగ్గట్టు తయారైంది.

దీనికి హాయిగా ఉండేది 16 నుంచి 18 డిగ్రీల నీళ్ళు. 20 దాకా ఫరవాలేదు. 24 దాటితే నలిగిపోవడం మొదలవుతుంది, అక్కణ్ణుంచి ఒక్కో డిగ్రీ ప్రాణం మీదకి తెస్తుంది. మా ఇంట్లో, పై అంతస్తులో, స్లాబు కింద, మే మధ్యాహ్నం మామూలు బకెట్లో నీళ్ళు 31 చూపిస్తాయి. ఓవర్‌హెడ్ ట్యాంకు నుంచి వచ్చే నీళ్ళ సంగతి చెప్పక్కర్లేదు, మూడింటికి కుళాయి తిప్పితే చెయ్యి పెట్టలేం.

నేను ఈ అంకెలు తెలియకుండా కొనలేదు. తెలిసే కొన్నాను. కొన్నచోట అడిగితే, రాత్రిపూట ఏసీ వేస్తే చాలు మేడం, అన్నారు. ఫిబ్రవరి కాబట్టి నీళ్ళు 22 దగ్గర ఉన్నాయి, గవ్వ చక్కగా తింటోంది, నేనూ నమ్మేశాను. ఏప్రిల్ నెలాఖరులో తిండి మానేసింది. దాని మొప్పల కుచ్చులు మామూలుగా వెనక్కి, పక్కలకి విచ్చుకుని ఉంటాయి. అవి ముందుకి, ముఖం వైపుకి ముడుచుకున్నాయి. తోక చివర కొక్కెంలాగా వంగింది. ఈ రెండూ గుర్తుపెట్టుకోండి. నీళ్ళు బాలేవని అది చెప్పగలిగిన భాష అంతే. నేను కంగారుపడి ఫ్రిజ్‌లో గడ్డకట్టించిన సీసాలు రెండేసి తెచ్చి ట్యాంకులో వేశాను. గంటలో 27 నుంచి 21కి దిగింది. సీసాలు కరిగాక మళ్ళీ 26. సాయంత్రం మళ్ళీ సీసాలు. ఆ ఎక్కడం దిగడం ఉంది చూశారూ, అది ఒక్కటే దాన్ని సగం చంపింది. వేడి సగం, నేను సగం. ఒక మధ్యాహ్నం నాలుగ్గంటలు కరెంటు పోయింది, నేను బడిలో ఉన్నాను. ఇంటికొచ్చేసరికి మావాడు ట్యాంకు ముందు నేలమీద కూర్చుని ఉన్నాడు, లేవలేదు.

(కొంతసేపు మౌనం)

సరే. వేడి ఏం చేస్తుందో చెప్తాను. నీళ్ళు వేడెక్కేకొద్దీ వాటిలో ప్రాణవాయువు తగ్గిపోతుంది. 18 డిగ్రీల దగ్గర లీటరుకి సుమారు తొమ్మిదిన్నర మిల్లీగ్రాములు కరిగి ఉండగలదు, 30 దగ్గర ఏడున్నరే. సరిగ్గా అప్పుడే వేడికి ఒంట్లో పనులన్నీ వేగంగా జరిగి దానికి ప్రాణవాయువు ఎక్కువ కావలసి వస్తుంది. పైగా వేడి నీళ్ళలో బూజు, బాక్టీరియా ఊపందుకుంటాయి, అమోనియా కూడా మరింత విషమవుతుంది. ఒక్క దెబ్బ కాదు, నాలుగు వైపులనుంచి దెబ్బలు.

(సభలో ఒకరు: "ఇరవైనాలుగ్గంటలూ ఏసీ వేస్తే సరిపోదా మేడం?")

మంచి ప్రశ్న. గది 24లో ఉంటే నీళ్ళు కూడా దాదాపు అక్కడే ఉంటాయి, పంపు వేడి తోడైతే ఇంకో అర డిగ్రీ పైన. ఏసీని 18లో పెట్టి రోజంతా నడిపే ఇల్లు నేను చూడలేదు. మరి ఫ్యాన్? ట్యాంకు మీద చిన్న ఫ్యాన్లు పెడితే నీళ్ళు ఆవిరై చల్లబడతాయి, కుండలో నీళ్ళు చల్లబడ్డట్టే. మార్చి, ఏప్రిల్‌లో మన గాలి పొడి గాలి కాబట్టి మూడు నాలుగు డిగ్రీలు దిగుతాయి. 31 కాస్తా 27 అవుతుంది, అంటే ఇంకా చావు అంచునే. జులైలో వానలు పడ్డాక అదే ఫ్యాన్ ఒక డిగ్రీ కూడా దించదు. కూలర్ వేసుకున్న ప్రతివాళ్ళకీ ఇది తెలుసు, ఎండాకాలం హాయి, వానాకాలం ఒళ్ళంతా జిగట. ఇంకో మాట, ఫ్యాన్ పెట్టినప్పుడు ఆవిరయ్యేది నీళ్ళే, ఉప్పులు అక్కడే మిగులుతాయి, మనం పైన మళ్ళీ బోరు నీళ్ళు పోస్తే రోజురోజుకీ గట్టిదనం పెరిగిపోతుంది. తగ్గిన నీళ్ళ వరకు ఆర్ఓ నీళ్ళు పోయండి.

కాబట్టి హైదరాబాద్‌లో దారి ఒక్కటే, అక్వేరియం చిల్లర్, అంటే ట్యాంకు నీళ్ళని చల్లబరిచే యంత్రం. జీవి ధరకి ఎన్నో రెట్లుంటుంది దాని ధర. అందుకే నేను ముందే, పిల్లల ఎదుటే చెప్పేస్తున్నాను, చిల్లర్ కొనలేకపోతే ఆక్సలాటల్ కొనొద్దు. ఇది డబ్బున్నవాళ్ళు లేనివాళ్ళు అనే మాట కాదమ్మా, మనకి నచ్చింది కాబట్టి ఒక ప్రాణిని ఉడికించే హక్కు మనకి లేదు.

కొనేవాళ్ళకి రెండు మూడు అనుభవాలు. చిల్లర్ కూడా ఫ్రిజ్ లాంటిదే, నీళ్ళలోంచి తీసిన వేడిని వెనకనుంచి గదిలోకి వదులుతుంది. ట్యాంకు కింద చెక్క బీరువాలో పెట్టి తలుపు మూసేస్తే తన వేడి తానే పీల్చుకుంటూ ఆగకుండా తిరుగుతుంది, కరెంటు బిల్లూ పెరుగుతుంది, అదీ పాడవుతుంది. నేను మొదటి నెల అలాగే పెట్టాను. ఇప్పుడు కిటికీ వైపు తిప్పి, గోడకి జానెడు దూరంగా పెట్టాను. ట్యాంకు అడుగున, వెనక, రెండు పక్కలా థర్మోకోల్ అంటించాను, ముందు అద్దం మాత్రం ఖాళీ. ఇప్పుడు కరెంటు మూడు గంటలు పోయినా నీళ్ళు నిదానంగా వేడెక్కుతాయి, నాకు ఊపిరి తీసుకునే టైం ఉంటుంది. ఇన్వర్టర్ మీద ఫిల్టరు, ఎయిర్ పంపు నడుస్తాయి. గడ్డకట్టిన సీసాలు ఇప్పటికీ ఉంచుతాను కానీ అత్యవసరానికే, ఒక్కొక్కటే, థర్మామీటర్ చూసుకుంటూ.

ఇక నీళ్ళు. నా మాటల్లో వేడి తర్వాత ముఖ్యమైంది ఇదే, నిజానికి ఇదే ముందు చెయ్యాల్సింది.

గవ్వ పోయాక ఎనిమిది నెలలు ట్యాంకు అటక మీద ఉంది. తర్వాత మావాడే అన్నాడు, అమ్మా ఈసారి ముందు నీళ్ళు పెంచుదాం అని. ఆ మాట నాకు బాగా నచ్చింది. అవును, నీళ్ళను కూడా పెంచాలి. జీవి వదిలే వ్యర్థం, మిగిలిన తిండి కుళ్ళి అమోనియా అవుతుంది. ఫిల్టరు స్పాంజిలో ఒక రకం బాక్టీరియా చేరి అమోనియాని నైట్రైట్ చేస్తాయి, అదీ విషమే. ఇంకో రకం చేరి దాన్ని నైట్రేట్ చేస్తాయి, అది చాలా తక్కువ హాని, నీళ్ళు మారిస్తే పోతుంది. ఈ రెండు రకాలూ స్థిరపడ్డానికి నాలుగు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. అన్ని వారాలూ ట్యాంకు జీవి లేకుండా నడవాలి. మేము రోజూ చిటికెడు చేపల మేత వేసి కుళ్ళనిచ్చాం. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ ఖాళీ ట్యాంకుకి మోటారెందుకని అడిగారు.

పరీక్షించే కిట్టు, చుక్కలు వేసేది, తప్పనిసరి. గాజు గొట్టంలో ట్యాంకు నీళ్ళు పోసి, రెండు సీసాల్లోంచి లెక్కగా చుక్కలు వేసి, ఊపి, ఐదు నిమిషాలు ఆగాలి. అమోనియా లేకపోతే నిమ్మపండు పసుపు. ఉంటే ఆకుపచ్చ, ఎంత ఎక్కువ ఉంటే అంత ముదురు. పదో రోజు మా గొట్టం గోరింటాకు నూరిన ముద్దంత పచ్చగా ఉంది. మావాడు రోజూ సాయంత్రం కార్డు పక్కన గొట్టం పెట్టి నోట్‌బుక్‌లో రాసేవాడు. నలభై ఒకటో రోజు ఒక సాయంత్రం పచ్చగా ఉన్నది మర్నాటికల్లా పసుపు అయింది, నైట్రైట్ కూడా సున్నా. ఇంట్లో అందరం గొట్టాన్ని ట్యూబ్‌లైటు కింద పట్టుకుని చూశాం, అంత సంతోషం వేసింది. ఒక చిన్న లాభం కూడా ఉంది మనకి, ఈ బాక్టీరియా వెచ్చటి నీళ్ళలో త్వరగా పెరుగుతాయి, కాబట్టి ఆ వారాల్లో చిల్లర్ ఆపేసి ఉంచండి, మన వేడి అక్కడ పనికొస్తుంది. తయారయ్యాక చల్లబరచి, మళ్ళీ ఒక వారం పరీక్షించి, అప్పుడు జీవిని తెచ్చుకోండి.

ఆ స్పాంజిని కుళాయి కింద ఎప్పుడూ కడగకండి. మంజీరా నీళ్ళలో, అంటే మనకొచ్చే మున్సిపల్ కుళాయి నీళ్ళలో, క్లోరిన్ ఉంటుంది, మీరు రెండు నెలలు పెంచుకున్న బాక్టీరియా రెండు నిమిషాల్లో పోతాయి. ట్యాంకులోంచి తీసిన నీళ్ళ బకెట్లోనే పిండండి. కొత్త నీళ్ళు పోసేటప్పుడు క్లోరిన్ విరుగుడు చుక్కలు వేయాలి. రాత్రంతా బకెట్లో ఉంచితే క్లోరిన్ చాలావరకు పోతుంది, కానీ క్లోరమిన్, అంటే క్లోరిన్, అమోనియా కలిసిన మందు, కలిపిన నీళ్ళయితే అలా పోదు, కాబట్టి చుక్కలే నయం. వారానికోసారి నాలుగో వంతు మార్చండి, ఎండాకాలంలో పై ట్యాంకు నీళ్ళు కాకుండా కింద సంపులోంచి బిందెతో తోడుకోండి, ఎంతో చల్లగా ఉంటాయి.

బోరు నీళ్ళ సంగతి చాలామంది అడుగుతారు. ఆక్సలాటల్‌కి కొంచెం గట్టి నీళ్ళే ఇష్టం, పీహెచ్ 7.4, 7.6 దగ్గర బాగుంటుంది. ఉత్త ఆర్ఓ నీళ్ళలో పెడితే దాని ఒంట్లో లవణాలు నిలవవు, అది పెద్ద పొరపాటు. కానీ మన కాలనీల్లో కొన్ని బోర్లు మరీ గట్టివి, గిన్నెల మీద తెల్లటి చారలు పడతాయి కదా, అలాంటివైతే ఆర్ఓ సగం కలపండి. బోరు నీళ్ళలో నైట్రేట్ కూడా చూసుకోండి, నీళ్ళు మార్చినా నైట్రేట్ తగ్గడం లేదంటే అది మీ బోరులోంచే వస్తుండొచ్చు.

అడుగున ఏం వేయాలి? రంగురాళ్ళు వద్దు. ఎందుకో చెప్పాలంటే అది తినే పద్ధతి చూడాలి. వానపాము దాని ముక్కు ముందు కదిలిందనుకోండి, అది కొరకదు, వెంటపడదు. నిశ్చలంగా ఉండి, ఒక్కసారిగా నోరు తెరుస్తుంది, బుగ్గలు ఉబ్బుతాయి, నీళ్ళతో సహా పాము లోపలికి వెళ్ళిపోతుంది. కన్ను మూసి తెరిచేలోపు అయిపోతుంది. ఆ పీల్పులో పక్కనున్న గులకరాయి కూడా వెళ్తుంది, పేగుల్లో అడ్డం పడుతుంది, అంతే. అడుగు ఖాళీగా వదలండి, లేదా మిల్లీమీటరు కంటే సన్నని ఇసుక, లేదా దాని తలకంటే పెద్ద నున్నటి రాళ్ళు. మన తాండూరు బండ చక్కగా పరుచుకుంటుందని కొందరు వేశారు, అది సున్నపురాయి, ఇప్పటికే గట్టిగా ఉన్న బోరు నీళ్ళని ఇంకా గట్టిచేస్తుంది. ఏ రాయైనా రెండు చుక్కలు నిమ్మరసం వేసి చూడండి, పొంగితే వద్దు.

తిండికి వానపాముని మించింది లేదు. మావాళ్ళు ఎర్రలంటారు. పొలాల్లో, పార్కుల్లో తవ్వినవి వద్దు, మందులు కొట్టి ఉంటారు. వర్మీకంపోస్ట్ చేసేవాళ్ళ దగ్గర దొరుకుతాయి కానీ చూసుకోండి, సన్నగా, ఎర్రగా, చారలతో ఉండే రకం పట్టుకుంటే పసుపు రంగు చేదు ద్రవం వదులుతుంది, చాలా ఆక్సలాటల్స్ నోట్లో పెట్టుకుని ఉమ్మేస్తాయి. లావుగా, ఊదారంగులో ఉండే ఆఫ్రికా రకం అయితే ఇష్టంగా తింటాయి. నేను బాల్కనీలో పాత పెయింట్ డబ్బాలో, బాగా కడిగి, కొబ్బరిపీచు, కూరగాయల తొక్కలు వేసి పెంచుతున్నాను. మా అత్తగారు మొదట ఆ వైపుకే రాలేదు, ఇప్పుడు బీరకాయ తొక్కలు ఆవిడే వేస్తున్నారు. పిల్ల ఆక్సలాటల్స్‌కి రోజూ, పెద్దవాటికి వారానికి రెండు మూడుసార్లు చాలు. కోడిమాంసం, గుండెకాయ ముక్కలు వద్దు. చిన్న చేపల్ని వేటకి వదలొద్దు, రోగాలు తెస్తాయి. గోల్డ్‌ఫిష్‌ని తోడు పెట్టొద్దు, ఆ ఎర్ర మొప్పల్ని తిండనుకుని కొరుకుతాయి.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. ఒకదానికి కనీసం 75 లీటర్లు, వంద ఉంటే మంచిది, లోతు కంటే పొడవు ముఖ్యం. నీటి ప్రవాహం నెమ్మదిగా ఉండాలి. కనురెప్పలుండవు కాబట్టి గట్టి లైట్లు వద్దు, దాక్కోడానికి పైపు ముక్కో, బోర్లించిన మట్టి మూకుడో ఉండాలి. మూత ఉండాలి, ఎగురుతుంది. చేత్తో పట్టుకోవద్దు, వలలో మొప్పలు చిక్కుకుంటాయి, డబ్బాతో నీళ్ళతో సహా తీయండి.

(ముందు వరసలో ఒక బాబు: "చెయ్యి తెగితే మళ్ళీ వస్తుందా టీచర్?")

వస్తుంది నాన్నా. ఎముక, కండ, నరాలతో సహా మొత్తం కాలు మళ్ళీ వస్తుంది. తోక, వెన్నుపాము, గుండెలో ముక్క, మెదడులో కొంత భాగం కూడా. అది ఎలాగో తెలుసుకోవాలని ప్రపంచమంతా శాస్త్రవేత్తలు దీన్ని పెంచుతున్నారు. 2018లో దీని జన్యుపటం మొత్తం చదివారు, 3,200 కోట్ల అక్షరాలు, మనిషిదానికి పది రెట్లు. 1864లో మెక్సికో నుంచి పారిస్‌కి 34 ఆక్సలాటల్స్‌ని తీసుకెళ్ళారు, ఇప్పుడు ల్యాబుల్లో ఉన్నవాటిలో చాలావరకు వాటి సంతానమే. కానీ ఒకటి గుర్తుంచుకో. కాలు మొలిచేది నీళ్ళు బాగుంటేనే. మురికినీళ్ళలో ఆ గాయం మీద దూదిలాంటి తెల్లటి బూజు పడుతుంది.

బూజు కనిపిస్తే మొదట నీళ్ళు పరీక్షించండి, తొంభై శాతం జవాబు అక్కడే ఉంటుంది. ఎండి రాలిన బాదం ఆకు, మన వీధుల్లో గొడుగులా ఉంటుందే ఆ చెట్టుది, కడిగి ఒకటి వేస్తే నీళ్ళు లేత టీ రంగుకి మారతాయి, చిన్నపాటి బూజుకి మేలు చేస్తుంది. రోడ్డుపక్క పొగలో పడ్డవి కాకుండా లోపలి కాలనీలో ఏరుకోండి. చేపల మందులు మాత్రం పోయకండి, ముఖ్యంగా రాగి ఉన్నవి. దీని చర్మం పలచన, నీళ్ళలో ఏది ఉన్నా ఒంట్లోకి పోతుంది. ఉభయచరాలను చూసే వెటర్నరీ డాక్టరు ఎవరో జీవిని కొనకముందే కనుక్కుని నంబరు పెట్టుకోండి, రోగం వచ్చాక రాత్రి పదింటికి వెతికితే దొరకరు.

కాయితాల సంగతి. సైటిస్ అంటే అంతరించే ప్రమాదమున్న జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే ఒప్పందం, ఇది దాని రెండో అనుబంధంలో ఉన్న జీవి. 2022లో మన వన్యప్రాణి చట్టం సవరించి సైటిస్ జీవుల్ని నాలుగో షెడ్యూల్‌లోకి తెచ్చారు, 2024లో నియమాలు వచ్చాయి, కేంద్ర పర్యావరణ శాఖ వెబ్‌సైటు పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. అమ్మేవాళ్ళని ఎక్కణ్ణుంచి వచ్చిందో కాయితం అడగండి, లేదంటే వదిలేయండి. కొనేది డిసెంబరు, జనవరిలోనే, దారిలోనే వేడికి పోకుండా ఉంటుంది.

విసుగొస్తే హుస్సేన్ సాగర్‌లోనో పక్క చెరువులోనో వదిలేద్దాం అనుకునేవాళ్ళుంటారు. అక్వేరియంలో పెంచే సక్కర్ చేపల్ని అలాగే వదిలితే మన చెరువుల్లో ఏమైందో జాలర్లని అడగండి. సోచిమిల్కోలో కూడా బయటినుంచి తెచ్చిన కార్ప్, తిలాపియా చేపలే దీని గుడ్లనీ పిల్లల్నీ తినేశాయి, నీళ్ళు కూడా పాడయ్యాయి. 1998లో అక్కడ చదరపు కిలోమీటరుకి 6,000 ఉన్నాయని లెక్క వేశారు, 2014 నాటికి 36. ప్రపంచమంతా గాజు పెట్టెల్లో లక్షలున్నాయి, సొంతూళ్ళో దాదాపు లేవు. నాకు ఆ అంకె చదివినప్పుడల్లా మన ఊరి చెరువులు గుర్తొస్తాయి.

ఇది పది, పదిహేనేళ్ళు బతుకుతుంది. ఇప్పుడు ఐదో తరగతి పిల్లాడు ఇంజనీరింగ్ అయిపోయి ఇంకో ఊరు వెళ్ళిపోయాక కూడా వారానికోసారి బకెట్ మోసేది అమ్మో నాన్నో. ఆ మాట ఇంట్లో ముందే మాట్లాడుకోండి. మా రెండో ఆక్సలాటల్‌కి ఇప్పుడు మూడో ఎండాకాలం గడిచింది, నీళ్ళు 17 దగ్గర ఉన్నాయి, మొన్న పదహారో తారీకు ఎనిమిది ఎర్రలు తిన్నది.

సరే, ఇంటినుంచి సీసాల్లో నీళ్ళు తెమ్మని చెప్పాను కదా, తెచ్చినవాళ్ళు ఇటు బల్ల దగ్గరికి రండి. సీసా మీద మీ కాలనీ పేరు, బోరా మంజీరానా రాయండి. గొట్టాలు పన్నెండే ఉన్నాయి, కాబట్టి పిల్లలు ముందు. బాబూ, కాలు గురించి అడిగావే, నువ్వు చుక్కలు లెక్కపెట్టు, సరిగ్గా ఎనిమిది.